ట్రెవి ఫౌంటెన్ మెట్లు దిగడానికి 2 యూరోలు: న్యాయమేనా?

కృష్ణాతీరం (చర్చ ప్రారంభం)

రోము నగరంలోని ట్రెవి ఫౌంటెన్ దగ్గర మెట్లు దిగి నీటి అంచు దాకా వెళ్లాలంటే 2026 ఫిబ్రవరి నుంచి పర్యాటకులు 2 యూరోల టికెట్టు కొనాలి. నగరవాసులకు ఇది వర్తించదు, పైన వీధిలో నిలబడి చూసేవారూ ఏమీ కట్టనక్కరలేదు. అయినా ఈ పద్ధతి తప్పని నా అభిప్రాయం. క్రీ.పూ. 19లో రోమన్ సేనాని అగ్రిప్ప, ఈ ఫౌంటెన్‌కు నీరిచ్చే ఆక్వా విర్గో అనే కాలువను ఊరిలోకి తెచ్చిన నాటి నుంచీ ఆ నీరు జనానిది. దప్పికగొన్న సైనికులకు ఒక కన్య ఊట చూపించిందని, అందువల్లనే కాలువకు విర్గో, అంటే కన్య, అనే పేరు వచ్చిందని చెప్పుకొనే కథను ఫౌంటెన్ మీది ఫలకంలోనే చెక్కారు.

కొన్నేళ్ల క్రితం మేము మొదటిసారి అక్కడికి చేరేసరికి రాత్రి పదకొండు దాటింది. ఇరుకు సందుల్లో నడుస్తుండగా ముందు నీటి హోరు వినబడింది, ఆ తరువాత మలుపు తిరగగానే మేడంత ఎత్తున తెల్లని రాయి ఎదురుగా నిలిచింది. చెప్పాపెట్టకుండా అలా ఎదురుపడడంలోనే ఆ కట్టడం ఆకర్షణంతా ఉన్నది. మర్నాడు పగలు అమ్మను తీసుకువెళితే ఆ జనంలో ఆమె ఒక్క మెట్టు కూడా దిగలేకపోయిందనుకోండి, అది వేరే సంగతి. గేటూ, వరుసా, టికెట్టూ వచ్చిపడ్డాక ఆ విస్మయం ఎక్కడ మిగులుతుంది?

విశ్రాంత ఇంజనీరు

కృష్ణాతీరం గారూ, నీరు జనానిదే, ఖర్చు కూడా మొదటి నుంచీ జనానిదే. 17వ శతాబ్దంలో పోపు 8వ అర్బన్ ఇక్కడ శిల్పి బెర్నీనీ చేత కొత్త ఫౌంటెన్ కట్టించబూని, డబ్బు కోసం ద్రాక్షసారా మీద పన్ను వేస్తే, సారా మీద గుంజుకుని నీళ్లు పోస్తున్నాడని రోము జనం ఎకసెక్కమాడారు. ఆ పని అక్కడితో ఆగిపోయింది. నూరేళ్ల తరువాత పోపు 12వ క్లెమెంట్ హయాంలో, 1732లో, వాస్తుశిల్పి నికోలా సాల్వి నమూనా ప్రకారం ఇప్పటి నిర్మాణం మొదలైనప్పుడు లాటరీ రాబడి అక్కరకు వచ్చింది. 1751లో సాల్వి చనిపోయాడు, 1762కు గాని పని ముగియలేదు. 2014-15 మరమ్మతులకు ఫెండి అనే ఫ్యాషన్ సంస్థ 20 లక్షల యూరోలకు పైగా ఇచ్చింది. తాగేవాళ్లూ, లాటరీ ఆడేవాళ్లూ, ఖరీదైన చేతిసంచులు కొనేవాళ్లూ ఇన్నాళ్లూ భరించిన దానిలో చూడవచ్చినవాళ్లు 2 యూరోలు పంచుకుంటే అన్యాయమెలా అవుతుంది?

ఇక్కడ నా వృత్తికి సంబంధించిన విషయం ఒకటుంది. ఆక్వా విర్గో సుమారు 20 కిలోమీటర్లు, చాలావరకు నేల కిందనే, నడిచి వస్తుంది. మొత్తం దూరానికి దాని వాలు నాలుగైదు మీటర్లకు మించదు. అంత తక్కువ వాలుతో వచ్చే నీరు తనంత తాను పైకి చిమ్మదు. అందుకే ట్రెవిలో నీరు బండల మీదుగా జారుతుందే తప్ప ఆకాశానికి ఎగయదు, తొట్టిని కూడా అందుకే వీధి మట్టం కన్నా పల్లంలో కట్టవలసి వచ్చింది. టికెట్టు ఆ పల్లానికే. ఆ కాస్త చోటులోకి వేలాదిమంది ఒక్కసారిగా దిగాలంటే ఎవరో ఒకరు అదుపు చేయాలి. తిరుమలలో సర్వదర్శనమూ, 300 రూపాయల దర్శనమూ పక్కపక్కనే నడవడం లేదా?

శిల్పరేఖ

ఇంజనీరు గారు చెప్పిన పల్లాన్నే సాల్వి రంగశాలగా మలిచాడు. 49 మీటర్ల వెడల్పు, 26 మీటర్ల ఎత్తు ఉన్న ఆ కట్టడం పై వీధిలోంచి చూస్తే బొమ్మలు అతికించిన రాజభవనంలాగా మాత్రమే కనిపిస్తుంది. మెట్లు దిగినవారికి అది పూర్తిగా వేరు. సముద్రదేవుడి రథానికి కట్టిన రెండు గుర్రాలూ తలెత్తి చూడవలసినంత ఎత్తుకు పోతాయి. ఒకటి రొప్పుతూ ఎగబడుతుంది, రెండవది తలవంచి నడుస్తుంది, సముద్రానికి ఉండే రెండు స్వభావాలూ అవే. భవనం అడుగుభాగం నున్నటి రాయిగా మొదలై, కిందికి వచ్చేకొద్దీ ముతక బండలై, నీళ్లలో కలిసిపోతుంది. తన పనిని తప్పుపడుతూ కూర్చునే ఒక మంగలికి అది కనబడకుండా సాల్వి కుడిపక్కన పెద్ద రాతి గిన్నెను నిలబెట్టాడని ఒక కథ ఉన్నది. నిజమో కాదో గాని, ఎవరు ఎక్కడినుంచి చూస్తారన్నది అతడి లెక్కలో ఉన్నదని నమ్మబుద్ధవుతుంది.

తిరుమల పోలికను మాత్రం నేను ఒప్పుకోను. అక్కడ రెండు వరుసలూ ఒకే సన్నిధికి చేరతాయి. ఇక్కడ ఉచితంగా చూసేవాడు సాల్వి ఉద్దేశించిన చోటికి చేరనే చేరడు.

విశ్రాంత ఇంజనీరు

శిల్పరేఖ గారి మాటలో బలమున్నది. అయితే రాత్రి పది దాటాక కిందికి దిగడానికి టికెట్టు లేదు. కృష్ణాతీరం గారు మొదటిసారి చూసిన పదకొండు గంటల ట్రెవి నేటికీ ఉచితమే. వారు దిగలేకపోయిన పగటి ట్రెవికి మాత్రమే వెల కట్టారు.

కృష్ణాతీరం

పట్టుకున్నారు. పగటి సంగతి నేనే బయటపెట్టుకున్నాను కాబట్టి మిగిలినదీ చెబుతాను. రాజమండ్రి వంతెన మీద రైలు కిటికీలోంచి గోదావరిలో నాణెం వేయందే మా అమ్మకు తోచదు. ఆ రోజు పై వీధిలోనే ఆగిపోయి, అక్కడినుంచి విసిరితే అందదని, నాణేన్ని నా చేతికిచ్చి వేసి రమ్మన్నది. వెనుదిరిగి, కుడిచేత్తో ఎడమభుజం మీదుగా వేయాలని కూడా ఎవరో చెప్పగా విన్నది. ఆ జనంలో మోచేయి ఎత్తడానికే వీలు కాలేదు, ముందుకు తిరిగే వేశాను, ఆమెకు ఆ మాట చెప్పలేదు.

అలా పడే నాణేలు ఏటా 10 లక్షల యూరోలకు పైగా కారితాస్ అనే సేవాసంస్థ ద్వారా పేదలకు చేరుతున్నాయి. టికెట్టు కొన్నవాడు ఇచ్చేది ఇచ్చేశాననుకుని నాణెం జేబులోనే ఉంచుకుంటే ఆ లోటును టికెట్ల డబ్బుతో పూడుస్తారా అన్న నా ప్రశ్న మాత్రం అలాగే ఉన్నది. అమ్మ రాత్రి పదకొండింటికి అంత దూరం నడవలేదు. ఆమెను మళ్లీ తీసుకువెళితే, గొణుక్కుంటూనే అయినా, ఇద్దరికీ 4 యూరోలు కడతాను.