21 క్రామ్‌వెల్ రోడ్: మన స్టూడెంట్లకి సాయమా, నిఘానా?

పాతకాగితం:
1907లో లండన్‌లో ఇండియా ఆఫీస్ (మన దేశ పాలన చూసే బ్రిటిష్ ప్రభుత్వ శాఖ) వాళ్ళు అక్కడ చదువుకునే మనవాళ్ళ మీద ఒక కమిటీ వేశారు, సర్ విలియం లీ వార్నర్ దానికి పెద్ద, సభ్యుల్లో ఇండియా ఆఫీస్ అధికారి కర్జన్ వైలీ ఒకడు. అప్పటికి బ్రిటన్‌లో మన స్టూడెంట్లు సుమారు 700 మంది. దాని తర్వాత 1909లో ఇన్ఫర్మేషన్ బ్యూరో పెట్టి టి.డబ్ల్యూ. ఆర్నాల్డ్‌ని (లాహోర్‌లో కవి ఇక్బాల్‌కి పాఠాలు చెప్పినాయనే) సలహాదారుగా కూర్చోబెట్టారు. అదే ఏడాది జూలై 1న అక్కడ చదువుకుంటున్న మదన్‌లాల్ ధింగ్రా వైలీని కాల్చి చంపాడు. 1910కల్లా సౌత్ కెన్సింగ్టన్‌లో 21 క్రామ్‌వెల్ రోడ్ తెరిచారు. బ్యూరో, కొత్తగా దిగినవాళ్ళకి గదులు, అన్నీ ఒకే కొంపలో. ఇంకో తమాషా, ఆ 1907 రిపోర్టు 1922లో, మన స్టూడెంట్ల మీదే మళ్ళీ వేసిన లిట్టన్ కమిటీ రిపోర్టుతో పాటే బయటికొచ్చింది. సాయం చేసేవాడు పదిహేనేళ్ళు రిపోర్టు దాచుకోవడం ఎందుకు? నన్నడిగితే అది హాస్టల్ బోర్డు తగిలించిన పోలీస్ స్టేషన్.

గోదారిగట్టు:
మరీ అంతొద్దండి. ఇరవై ఏళ్ళ కుర్రాడు ఓడ దిగి ట్రంకు పెట్టె పట్టుకుని నిలబడ్డాడు, రంగు చూసి ఇంటి యజమానులు తలుపేసుకుంటున్నారు, ఏ కాలేజీలో సీటుందో తెలీదు, రాజమండ్రిలో వాళ్ళ నాన్నకి ఉత్తరం వెళ్ళి జవాబు రావడానికే నెల పైన. వాడికి ఓ నాలుగు రోజులు మంచం ఇస్తే అది కూడా కుట్రేనా?

నల్లకోటు:
క్రామ్‌వెల్‌లో ఉన్నది సావర్కర్ వాళ్ళ ఇండియా హౌస్, జాతీయవాద స్టూడెంట్ల హాస్టల్ కదా బ్రో. పోలీస్ స్టేషన్ అంటావేంటి

పాతకాగితం:
@నల్లకోటు అది వేరు. శ్యామ్‌జీ కృష్ణవర్మ 1905లో పెట్టిన ఇండియా హౌస్ హైగేట్‌లో, 65 క్రామ్‌వెల్ అవెన్యూ. ఇది రోడ్. ఊరికి ఆ చివర ఒకటి, ఈ చివర ఒకటి.
@గోదారిగట్టు మంచంతో ఆగితే నేనెందుకు మాట్లాడతాను. లా చదవాలంటే ఇన్స్ ఆఫ్ కోర్ట్ (లండన్‌లో బారిస్టర్లని తయారుచేసే సంఘాలు) వాళ్ళకి ఇక్కడి నుంచి నడవడిక సర్టిఫికెట్ పట్టుకెళ్ళాలి, ఇచ్చేది ఎవరయ్యా అంటే కలెక్టర్ లాంటి సర్కారు మనిషి. దానికి తోడు గార్డియన్ పద్ధతి, తండ్రి పంపిన డబ్బు సలహాదారు ఆఫీస్ చేతిలోంచి కొడుక్కి అందేది. వీటిలో దేన్ని సాయం అంటారు మీరు? బ్యూరో లేకముందు, 1904లో ప్రకాశం పంతులు గారు వెళ్ళి బారిస్టరై రాలేదా?

నల్లకోటు:
క్రామ్‌వెల్ అవెన్యూ అని నేనెక్కడా చదవలేదు. రోడ్డే

వరంగల్_పోరడు:
నా ముచ్చట జెప్త. విదేశీ చదువుకు సర్కారు సాయం కింద నేను ఇంగ్లాండ్ పోయిన. పేరెందుకు గని, ఒక ఆఫీసుల మొదటి పైసలు ఇచ్చిండ్రు, రెండోది పదకొండు నెలలు ఆపిండ్రు. ఎందుకంటే హాజరు కాయితం మీద కాలేజీ స్టాంపు సక్కగ పడలేదట. మా నాయిన ఆ ఆఫీసు సుట్టూ తిరిగి తిరిగి చెప్పులరిగినయి. నేను రాత్రులు గోదాముల డబ్బాలు మోసిన. అయినా ఆ పైసలు లేకపోతే నేను విమానమే ఎక్కకపోదును. అది కూడా నిజమే.

పాతకాగితం:
చూశారా. స్టాంపు పేరుతో మెడ పట్టుకోవడం. నూట పదేళ్ళయినా అదే బుద్ధి.

గోదారిగట్టు:
ఆయన చివరి మాట వదిలేసి మొదటి మాట ఏరుకున్నారు, అంతేగా! ఇంకోటి, ప్రకాశం గారు వెళ్ళేనాటికే పేరున్న ప్లీడరు, రాజమండ్రి మునిసిపల్ చైర్మన్ కుర్చీలో కూర్చున్న మనిషి, సొంత సంపాదన. సి.ఆర్. రెడ్డి గారు కేంబ్రిడ్జి వెళ్ళింది మాత్రం ప్రభుత్వ స్కాలర్‌షిప్ మీద. ఆయన్ని కూడా పోలీసోళ్ళ మనిషి అంటారా?

పాతకాగితం:
నేను అనని మాట నా నోట్లో కుక్కకండి. మీరు ఏ డిపార్ట్‌మెంట్లో పనిచేస్తారో కానీ ఫైలు వాసన ఇక్కడిదాకా వస్తోంది.

గోదారిగట్టు:
నేను ట్యూషన్లు చెప్పుకుని బతుకుతాను. మీ ఇంట్లో ఎవరైనా ఫీజు కట్టలేక చదువు మానేశారా? మా అక్క మానేసింది. ఆ రోజు ఎవడైనా ఫారం తెచ్చి సంతకం పెట్టమంటే మా నాన్న కళ్ళకద్దుకుని పెట్టేవాడు. వద్దనుకోవడానికి కూడా చేతిలో డబ్బుండాలి సార్.

లీడ్స్_లక్ష్మి:
ఇద్దరూ ఆగండి. ఆఫ్రికా వాళ్ళకీ ఇదే గొడవ వచ్చింది. పశ్చిమాఫ్రికా స్టూడెంట్లు 1925లో వాసు అనే సంఘం పెట్టుకున్నారు, లాడిపో సొలాంకే ఊళ్ళు తిరిగి చందాలు పోగేసి 1933లో కామ్‌డెన్‌లో సొంత హాస్టల్ తెరిచారు. మరుసటేడే కలోనియల్ ఆఫీస్ (వలసల్ని చూసే బ్రిటిష్ ప్రభుత్వ శాఖ) అండతో పోటీగా అగ్రీ హౌస్ అనే హాస్టల్ వచ్చింది, వాసు వాళ్ళు దాన్ని బాయ్‌కాట్ చేశారు.

పాతకాగితం:
అదీ. మన డబ్బు, మన హాస్టల్. అంతకంటే నేనేం అడగట్లేదు.

లీడ్స్_లక్ష్మి:
పూర్తిగా వినండి అన్నా. తర్వాత వాసు కూడా కలోనియల్ ఆఫీస్ దగ్గర గ్రాంట్ తీసుకుంది. చందాలతో అద్దె గడవలేదు మరి. తీసుకుని కూడా సామ్రాజ్యాన్ని తిడుతూనే ఉంది.

పాతకాగితం:
సరే, నా బాధ ఇది. మా తాతగారు కాలేజీ రోజుల్లో ఒక మీటింగ్‌కి వెళ్తే స్కాలర్‌షిప్ పీకేశారు. చదువు ఆగిపోయింది. మీ అక్కకి డబ్బు లేక ఆగింది, ఆయనకి డబ్బిచ్చినవాడే ఆపేశాడు. ఈ రెండోది మీకు చిన్నదిగా కనిపిస్తోంది, నాకు అలా కనిపించట్లేదు.

గోదారిగట్టు:
ఇది మొదటే చెప్పుంటే నేను ఆ మాట అనేవాణ్ణి కాదు. కానీ ఆ రూల్ తీసేయమనండి, మంచం తీసేయమనకండి.

పాతకాగితం:
మంచం వేసినవాడే రూల్ రాస్తాడండీ. విడదీసి ఇచ్చినవాణ్ణి ఒక్కణ్ణి చూపించండి.

వరంగల్_పోరడు:
అన్నా, నేనైతే సదవకుండనే సంతకం పెట్టిన. 18 పేజీలు. ఇప్పుడు తమ్ముడు అదే ఫారం నింపుతుండు, సదివి పెట్టుమని జెప్పిన. వాడు నవ్విండు.

నల్లకోటు:
మ్యాప్ చూశా. అవెన్యూ హైగేట్‌లోనే ఉంది, ఒప్పుకుంటున్నా. కానీ రెండిటికీ ఒకే పేరు పెట్టినోడిది తప్పు