మొదటిసారి ఒరిజినల్ ప్రింట్ కొనబోతున్నాను, కాస్త సలహా ఇవ్వండి

నమస్కారమండీ. ఈ కాలపు చిత్రకారులు సొంతంగా చేసిన బొమ్మ ఒకటైనా ఇంట్లో పెట్టుకోవాలని ఎన్నాళ్ల నుంచో కోరిక. పెయింటింగ్ నా స్తోమతకు మించినది, అందుకే చిత్రకారులే అచ్చు తయారుచేసి కొన్ని ప్రతులే తీసే ప్రింట్లు చూస్తున్నాను.

ఒక ఎచింగ్ (లోహపు ప్లేటు మీద ఆమ్లంతో గీతలు దించి, దాంతో కాగితం మీద అచ్చు తీసిన బొమ్మ) మీద మనసు పడిపోయింది. కింద పెన్సిల్‌తో 12/50 అని, పక్కన సంతకం ఉన్నాయి. 50 ప్రతుల్లో 12వదని అర్థమైంది. కానీ డిజిటల్ కాపీల మీద కూడా ఇలాగే నంబరు వేసి సంతకం పెడతారట కదా! కాగితంలో ప్లేటు అంచు దిగిన గుర్తు కనిపిస్తే నమ్మొచ్చా, లేక ఆ గుర్తునూ తర్వాత వేయగలరా? భూతద్దంతో చూస్తే ఏం వెతకాలి?

ఇంకోటి, కొత్త ఆర్టిస్టులను మీరెలా కనిపెడతారు? ఫైన్ ఆర్ట్స్ కాలేజీల వార్షిక ప్రదర్శనలకు వెళ్తే దొరుకుతారా? నచ్చినవాళ్లకు నేరుగా రాసి ధర అడగడం మర్యాదేనా?