తమ్ముడు మైత్రికి వెళ్తున్నాడు, ఏం సర్దిపెట్టాలి?

నాచారం అక్క:
మా తమ్ముడు జనరేటర్ మెకానిక్. అంటార్కిటికాలో మన దేశపు పరిశోధన కేంద్రం మైత్రికి ఎంపికయ్యాడు. ఢిల్లీలో వైద్య పరీక్షలు, ఔలీలో మంచు మీద శిక్షణ అయిపోయాయి. చలికాలమంతా అక్కడే ఉండాలట. అమ్మ స్వెట్టర్లు కొంటూనే ఉంది. వెళ్లి వచ్చినవారు ఎవరైనా ఉంటే చెప్పండి, నిజంగా ఏం కావాలి?

డీజిల్ బాబాయి, మౌలాలి:
అమ్మా, స్వెట్టర్లు ఇక చాలు. మంచుకు తగిన దుస్తులు వాళ్లే ఇస్తారు. నేనూ మైత్రిలో జనరేటర్ల దగ్గరే పనిచేశాను. అక్కడ కరెంటు పోతే విసనకర్ర పట్టుకుని మేడెక్కితే సరిపోదు. ప్రియదర్శిని సరస్సు నుంచి నీళ్లు తెచ్చే పైపు గడ్డకట్టుకుపోతుంది. అందుకే రాత్రి డ్యూటీలో చెవి ఇంజను మీదే ఉంటుంది. ఇప్పటికీ ఇంట్లో ఫ్రిజ్ చప్పుడు ఆగితే లేచి కూర్చుంటాను, మా ఆవిడ నవ్వుతుంది.

చలికన్నా నిప్పుకే ఎక్కువ భయపడతాం. గాలిలో తేమ ఉండదు, తలుపు పిడి ముట్టుకున్నా కరెంటు తగిలినట్టు చురుక్కుమంటుంది. నిప్పంటుకుంటే ఆర్పాల్సింది కూడా మనమే. చలికాలంలో ఉండేది పాతికమంది. శాస్త్రవేత్త అయినా, మెకానిక్ అయినా వంతు వచ్చిన రోజు వంటింట్లో చెయ్యి వేయాల్సిందే. మీ తమ్ముడికి అంట్లు తోమడం రాకపోతే ఇప్పుడే నేర్పండి.

ఆవకాయ ఇవ్వండి. ప్లాస్టిక్ డబ్బా మాత్రం అక్కడ పూడ్చడానికీ కాల్చడానికీ వీల్లేదు. అంటార్కిటికా పర్యావరణాన్ని కాపాడే 1991 నాటి మాడ్రిడ్ ఒప్పందం ప్రకారం ఓడెక్కి తిరిగి రావలసిందే.

నాచారం అక్క:
ఫోను కలుస్తుందా అండీ?

షాద్‌నగర్ వాసి:
ఉపగ్రహం ద్వారా కలుస్తుందండి. ఇంకో సంగతి. మైత్రికి దాదాపు 3,000 కిలోమీటర్ల దూరంలో భారతి అనే మన కేంద్రం ఉంది. ధ్రువాల మీదుగా తిరిగే మన ఉపగ్రహాల సమాచారాన్ని అక్కడి యాంటెన్నాలు అందుకుని మా షాద్‌నగర్‌లోని ఉపగ్రహ సమాచార కేంద్రానికే పంపుతాయి!

డీజిల్ బాబాయి, మౌలాలి:
ఫోనులో ఇంటి తగాదాలు మాత్రం చెప్పకండమ్మా. మే చివరి నుంచి జూలై దాకా సూర్యుడే కనిపించడు. అప్పుడు విన్న చిన్న మాటే రాత్రంతా బుర్ర తొలిచేస్తుంది. జూన్ 21న అన్ని దేశాల కేంద్రాలూ నడి చలికాలపు పండుగ చేసుకుంటాయి. ఆ రోజుకని అరిసెల డబ్బా విడిగా కట్టి, మీద వాడి పేరు పెద్దగా రాయండి. చెడిపోతాయని భయం లేదు. దక్కించుకోవడమే కష్టం, రష్యావాళ్ల కేంద్రం కూడా దగ్గరే.