సోరియాసిస్‌కు అరుదుగా, ఎగ్జిమాకు తరచుగా చీము పట్టడం ఎందుకు?

ప్రశ్న

మా నాన్నగారికి చాలాకాలంగా మోచేతుల మీద, మోకాళ్ళ మీద సోరియాసిస్ ఉంది. మా పాపకు పసితనం నుంచీ మోచేతి మడతల్లో ఎగ్జిమా ఉంది. ఇద్దరి చర్మమూ పగులుతుంది, ఇద్దరూ గోకుతూనే ఉంటారు. అయినా నాన్నగారి మచ్చలకు చీము పట్టిన గుర్తు లేదు. పాపకు మాత్రం పసుపు రంగు చెక్కు కట్టి, మళ్ళీ మళ్ళీ యాంటీబయాటిక్ వాడవలసి వస్తోంది. చర్మం సూక్ష్మజీవులను ఆపే గోడ మాత్రమే అయితే, పగిలిన చోటల్లా అవి ఒకేలా చొరబడాలి కదా? ఈ తేడాకు కారణం ఏమిటో తెలిసినవారు చెప్పగలరు.

మొదటి జవాబు (చర్మవ్యాధుల వైద్యురాలు)

చర్మం అడ్డుగా నిలవడమే కాదు, సూక్ష్మజీవులను చంపే చిన్న ప్రొటీన్లను తానే తయారుచేసుకుంటుంది. మీకు కనిపించిన తేడా చాలావరకు వాటిలోనే ఉంది. జర్మనీలోని కీల్ నగరంలో హార్డర్, ష్రోడర్‌ల బృందం సోరియాసిస్ రోగుల చర్మం నుంచి రాలిన పొలుసులలో వెదికి, బ్యాక్టీరియాను చంపే ఒక ప్రొటీన్‌ను వేరుచేసి 1997లో ప్రకటించింది. దాని పేరు హ్యూమన్ బీటా డిఫెన్సిన్-2. ఇలాంటిదే మరొకటి ఎల్‌ఎల్-37. ఇందులో ఉన్నవి 37 అమైనో ఆమ్లాలే. ఇది మొదట పెద్ద ప్రొటీన్‌లో భాగంగా నిద్రాణంగా ఉండి, చర్మంలోని ఎంజైములు దానిని కత్తిరించాకే పనిలోకి దిగుతుంది.

ఈ ప్రొటీన్లకు ధనావేశం ఉంటుంది. బ్యాక్టీరియా పైపొరకు రుణావేశం ఉండడం వల్ల ఇవి అక్కడ అతుక్కుని, ఆ పొరను ఛిద్రం చేస్తాయి. మన కణాల వెలుపలి పొరకు దాదాపు ఆవేశం లేకపోవడం, అందులో కొలెస్ట్రాల్ ఉండడం వల్ల మన కణాలకు హాని తక్కువ.

2002లో వెలువడిన ఒక అధ్యయనం ఈ రెండు జబ్బులనూ పక్కపక్కన పెట్టి చూసింది. సోరియాసిస్ మచ్చలలో ఎల్‌ఎల్-37, డిఫెన్సిన్-2 సమృద్ధిగా ఉండగా, ఎగ్జిమా ఉన్న చర్మంలో అవి చాలా తక్కువగా కనిపించాయి. స్టెఫిలోకాకస్ ఆరియస్ మీద ఈ రెండూ కలిసి పనిచేస్తే ప్రభావం పెరుగుతుందని కూడా అదే అధ్యయనం చూపింది. చీముకు సాధారణంగా కారణమయ్యేది ఈ బ్యాక్టీరియాయే. ఎగ్జిమాలో అధికంగా ఉండే ఇంటర్‌ల్యూకిన్-4, ఇంటర్‌ల్యూకిన్-13 అనే సంకేతాలు ఈ ప్రొటీన్ల తయారీని అణచివేస్తాయి. సోరియాసిస్‌లో ముఖ్యమైన ఇంటర్‌ల్యూకిన్-17 దానిని పెంచుతుంది.

రెండవ జవాబు (సూక్ష్మజీవశాస్త్ర అధ్యాపకుడు)

డాక్టర్ గారు చెప్పినదానికి చెమట సంగతి కలుపుతాను. చెమట గ్రంథులు డెర్మ్‌సిడిన్ అనే ప్రొటీన్‌ను నిరంతరం స్రవిస్తాయని 2001లో జర్మనీ పరిశోధకులు కనుగొన్నారు. చెమటలోని ఉప్పు, ఆమ్లత దాని పనికి అడ్డు రావు. ఎగ్జిమా ఉన్నవారి చెమటలో ఇది కూడా తక్కువేనని తర్వాత తేలింది. 2005లో సోరియాసిన్ అనే మరో ప్రొటీన్ గుట్టు బయటపడింది. అది బ్యాక్టీరియాకు అవసరమైన జింకును చేజిక్కించుకుని, ఈ.కోలిని చంపుతుంది. ఆరోగ్యకరమైన చర్మం మీద ఈ.కోలి త్వరగా చచ్చిపోవడానికి, స్టెఫిలోకాకస్ ఆరియస్ మాత్రం తట్టుకోవడానికి కారణం ఇందులోనే కొంత ఉంది.

ప్రశ్న అడిగినవారు

ఇద్దరికీ కృతజ్ఞతలు. అలాగైతే, లోపించిన ప్రొటీన్లనే పూతమందుగా రాయవచ్చు కదా?

మొదటి జవాబు ఇచ్చినవారు

ఆలోచన సహజమైనదే కానీ, ఈ ప్రొటీన్లు మితిమీరితే మంటను రగిలిస్తాయి. ముఖం ఎర్రబడే రోజేషియా రోగుల చర్మంలో ఎల్‌ఎల్-37 జాతి ప్రొటీన్లు, వాటిని కత్తిరించే ఎంజైము అతిగా ఉంటాయని 2007లో తేలింది. సోరియాసిస్‌లో కూడా ఎల్‌ఎల్-37 చనిపోయిన కణాల డీఎన్‌ఏతో జతకట్టి, రోగనిరోధక కణాలను రెచ్చగొడుతుందని అదే ఏడాది మరో బృందం చూపింది. నాన్నగారిని చీము నుంచి కాపాడే ప్రొటీనే ఆయన వ్యాధిని పోషించడంలోనూ పాలుపంచుకుంటోందన్నమాట.

అందుకే పాప విషయంలో అణచివేతను తొలగించడమే సరైన దారి అని నా అభిప్రాయం. డుపిలుమాబ్ వంటి మందులు ఇంటర్‌ల్యూకిన్-4, 13ల సంకేతాలను అడ్డుకుంటాయి. అవి తీవ్రమైన జబ్బుకే, వైద్యుల పర్యవేక్షణలోనే వాడాలి. ఇంట్లో చేయదగినది: క్షారగుణం ఎక్కువగా ఉన్న సబ్బు మానండి, స్నానం కాగానే ఒళ్ళు పూర్తిగా ఆరకముందే మాయిశ్చరైజర్ రాయండి, గోళ్ళు పొట్టిగా ఉంచండి. చెక్కు వేగంగా వ్యాపించినా, జ్వరం వచ్చినా, నొప్పితో నీటిపొక్కులు గుంపుగా లేచినా అదే రోజు వైద్యులకు చూపించండి, ఎందుకంటే ఎగ్జిమా చర్మం మీద హెర్పిస్ వైరస్ కూడా ఇదే లోపాన్ని వాడుకుని వ్యాపించగలదు.