సింధీ భాషకు సంస్కృతం తల్లి కాదన్న బలోచ్‌ను ఎంతవరకు నమ్మొచ్చు?

పాతపుస్తకం:
నబీ బఖ్ష్ ఖాన్ బలోచ్ (1917–2011) గురించి చదువుతున్నా. సింధ్‌లో సంఘర్ జిల్లా పల్లెటూరాయన. జునాగఢ్, అలీగఢ్‌లలో చదివి, కొలంబియా యూనివర్సిటీలో డాక్టరేట్ చేశారు. అదీ టీచర్ల శిక్షణ మీద. తిరిగొచ్చి సింధ్ యూనివర్సిటీలో ప్రొఫెసర్, తర్వాత వైస్ ఛాన్సలర్ అయ్యారు. (ఆ యూనివర్సిటీ ఉన్నది హైదరాబాద్ పక్కనే. మన హైదరాబాద్ కాదు, సింధు ఒడ్డున ఉన్నది.) సింధీ నేరుగా సంస్కృతం నుంచి పుట్టలేదనీ, అందులో సెమిటిక్ (అరబ్బీ, హీబ్రూల కుటుంబం) పోలికలున్నాయనీ ఆయన వాదన. ట్రంప్ అనే జర్మన్ పండితుడు 1872లోనే తన వ్యాకరణంలో దీనికి పూర్తి విరుద్ధంగా రాశాడు. మీరు ఎవరి పక్షం?

వ్యాకరణం మేష్టారు:
ట్రంప్ పక్షమే. పండితుల పుస్తకాలు పక్కన పెట్టి వంటింట్లో మాటలు చూడండి. సింధీలో చెయ్యి 'హథు', కన్ను 'అఖి'. హస్తం, అక్షి అరిగిపోయి అలా అయ్యాయి. మనం కూడా హస్తం అంటాం కానీ కూర కలిపేది చేత్తోనే, హస్తంతో కాదు. తెలుగులో సంస్కృతం అరువు సొమ్ము, సింధీలో పిత్రార్జితం. తేడా అక్కడుంది.

గోదారి గట్టు:
మరి 'చయుమాంసి' సంగతేంటి మేష్టారూ? 'నేను అతనితో అన్నాను' అనే వాక్యమంతా ఒక్క మాటలో సర్దేశారు. నేను, అతను ఇద్దరూ క్రియ తోకలోనే ఉన్నారు. అరబ్బీలోనూ ఇలాగే అతుకుతాయి. బలోచ్ అరబ్బీలో ఎం.ఎ. చేసిన మనిషి, ఊరికే అనుంటారా?

వ్యాకరణం మేష్టారు:
ఆ తోకలు కాశ్మీరీలోనూ ఉన్నాయి, పారశీకంలోనూ ఉన్నాయి. వాటికీ అరబ్బీయే తల్లి అందామా? ఒక పోలిక పట్టుకుని చుట్టరికం కలపకూడదు. సింధీ మాటలు కూడా మనలాగే అచ్చుతో ముగుస్తాయి. ఇల్లు 'ఘరు'. అంతమాత్రాన సింధీ మనకు మేనత్త కూతురైపోదు. ఆ ఉకారం అపభ్రంశం నుంచి, అంటే ప్రాకృతాల తర్వాతి దశ భాష నుంచి వచ్చింది.

పాతపుస్తకం:
సిరాజుల్ హక్ మేమన్ అనే సింధీ రచయిత 1964లో ఇంకో అడుగు ముందుకేసి సింధీ నుంచే సంస్కృతం వచ్చిందన్నారు. దానికి మొహెంజొదారోను సాక్ష్యానికి తెస్తుంటారు కొందరు. అక్కడ దొరికిన లిపిని ఇంతవరకూ ఎవరూ రుజువుగా చదవలేకపోయారు. నోరు విప్పని సాక్షిని ఎవరైనా తమవైపు నిలబెట్టుకోవచ్చు. ఈ విషయంలో మేష్టారితో ఏకీభవిస్తా.

గోదారి గట్టు:
సరే, సిద్ధాంతం తప్పే అనుకుందాం. అంతమాత్రాన బలోచ్‌ను కొట్టిపారేస్తారా? సింధీ అదబీ బోర్డు (సింధ్‌లోని సాహిత్య సంస్థ) తరఫున ఊళ్లలోకి మనుషుల్ని పంపి పొడుపుకథలు, పెళ్లిపాటలు, సామెతలు, కథలు పోగుచేయించి 40కి పైగా సంపుటాలు వేశారు. 5 సంపుటాల నిఘంటువు వేరే ఉంది. చిలుకూరి నారాయణరావు గారు తెలుగు ద్రావిడ భాష కాదన్నారు. ఆ మాట ఇవాళ ఎవరూ ఒప్పుకోరు. అయినా ఆయన 'ఆంధ్ర భాషా చరిత్రము' తెరవకుండా పని జరుగుతుందా?

వ్యాకరణం మేష్టారు:
జరగదు. నా దగ్గరున్న కాపీ అట్ట ఊడిపోయింది, అంతగా వాడాను. కానీ చిలుకూరి వారి సిద్ధాంతాన్ని మన పిల్లలకు పాఠంగా చెప్పడం లేదు కదా. బలోచ్ సంపుటాలకు దండం పెడతా. భాష పుట్టుక దగ్గరికొస్తే మాత్రం ఆయన మాట చెల్లదు. ఆ రెండూ వేరు ఖాతాలు.

పాతపుస్తకం:
ఇందాక టీ తాగడానికి వెళ్లి, మా వీధి బట్టల షాపు సింధీ అంకుల్‌ని ఇంటిని ఏమంటారని అడిగా. 'ఘర్' అన్నారు. మేష్టారి ఉకారం నాకు వినపడలేదు.

వ్యాకరణం మేష్టారు:
అది చాలా పొట్టి అచ్చు బాబూ, ఇక్కడ స్థిరపడ్డవాళ్లు చాలామంది మింగేస్తారు కూడా. వాళ్లమ్మగారుంటే ఆవిణ్ణి అడుగు.