షాఫ్ట్ బండి వెనక చక్రం దగ్గర 'టక్కు' శబ్దం

విజయనగరం నుంచి రాస్తున్నాను. పాత జపాన్ క్రూయిజర్ బైకు, షాఫ్ట్ డ్రైవ్ (చైన్ బదులు తిరిగే కడ్డీతో వెనక చక్రం నడుస్తుంది). చైన్ గోల ఉండదని ముచ్చటపడి కొన్నాను. కోట జంక్షన్ ట్రాఫిక్‌లో థ్రాటిల్ వదిలి మళ్లీ ఇస్తే వెనక టక్కుమంటోంది. ఫైనల్ డ్రైవ్ (వెనక చక్రం పక్కనుండే గేర్ల డబ్బా) ఆయిల్ మార్చినా అంతే. గేర్‌బాక్స్ పోయిందేమోనని టెన్షన్.

జవాబు, ఆమదాలవలస:
అన్నా, అప్పుడే గేర్‌బాక్స్ విప్పించకు. ఇంజిన్ ఆపి, జాకీతో వెనక చక్రం లేపి, గేర్‌లో పెట్టి చేత్తో ముందుకీ వెనక్కీ కదుపు. కొంచెం ఆట (వదులు) అన్ని షాఫ్ట్ బండ్లకీ ఉంటుంది. మరీ ఎక్కువైతే చక్రం ఊడదీసి హబ్ (చక్రం మధ్య భాగం) లోపలి స్ప్లైన్లు, అంటే డ్రైవ్ వైపు పళ్లతో కలిసి చక్రాన్ని తిప్పే పళ్లు, చూడు. పళ్ల పైభాగం చదునుగా ఉండాలి. రంపంలా మొనతేలితే అయిపోయినట్టే.

ప్రశ్న అడిగినవారు:
విప్పాను. హబ్ వైపు మొనలే మిగిలాయి, వేలు పెడితే ఎర్రటి తుప్పు పొడి. డ్రైవ్ వైపు పళ్లు కూడా సన్నబడ్డాయి. హబ్ ఫ్లాంజ్ (చక్రం వైపు పళ్లుండే ముక్క) ఒక్కటి మారిస్తే చాలదా?

జవాబు, శ్రీకాకుళం:
చాలదు బాబూ, జతగా మార్చు. అరిగిన పళ్లు కొత్తవాటినీ తినేస్తాయి. వెల్డింగ్ చేసి పళ్లు కోసిస్తామంటారు, నా మాట విని ఒప్పుకోకు. మామూలు చక్రం గ్రీజు వద్దు. మాలిబ్డినం డైసల్ఫైడ్ ఎక్కువున్న పేస్టు పల్చగా రాయి. ఓ-రింగు (రబ్బరు సీలు) కూడా కొత్తది వెయ్యి, మన వానలకి నీళ్లు దూరేది అక్కడే.