ఆదివారం ఉన్న ధైర్యం సోమవారం ఎందుకు ఉండదు?

ప్రశ్న (జడ్చర్ల):
అందరికీ వందనాలు. బోరు ఎండింది, పత్తికి తెచ్చిన అప్పు అట్లనే ఉంది. చర్చిలో కూర్చున్నంతసేపు బాగుంటుంది గానీ సోమవారం లేవగానే మళ్లీ టెన్షన్. మామూలు రోజుల్లో మీకు ధైర్యం ఎట్లా వస్తుంది?

జవాబు (దేవరకొండ):
తమ్ముడూ, బైబిల్లో మొదటి రాజులు 19వ అధ్యాయం చదువు. ఏలీయా అంతటి ప్రవక్త అడవిలో చెట్టు కింద పడుకొని, ఇక చాలు ప్రభువా, నా ప్రాణం తీసుకో అన్నాడు. దేవదూత వచ్చి ఒక్క మాట కూడా మందలించలేదు, రొట్టె, నీళ్లు పెట్టి తినమన్నాడు, తిని మళ్లీ పడుకుంటే రెండోసారి కూడా తట్టి లేపి తినమన్నాడు, ఎందుకంటే ముందు చాలా దూరం నడవాలి. నువ్వు వేళకు తింటున్నావా? నిద్రపోతున్నావా? నాకైతే అది కూడా భక్తిలో భాగమే.

జవాబు (నల్గొండ):
అక్క మంచి మాట చెప్పింది. అపొస్తలుడైన పౌలు ఫిలిప్పీ పట్టణంలోని సంఘానికి ఆనందించండి అని ఉత్తరం రాసింది జైల్లో ఉండే. ఆ ఉత్తరంలోనే వాళ్లు పంపిన సాయం అందిందని కూడా రాశాడు. అన్నా, సాయం తీసుకోవడం చిన్నతనం కాదు. సంఘంలో నమ్మకమున్న ఒకరికి అప్పు సంగతి చెప్పండి, ప్రార్థన చేసుకుంటూనే బ్యాంకుకు పోయి గడువు పెంచమని అడగండి.

ప్రశ్న అడిగినవారు:
అక్కా, రాత్రి సరిగ్గా తినక చాలా రోజులైంది. రేపు పాస్టర్ అయ్యగారిని కలిసి, అటునుంచే బ్యాంకుకు పోతా.